ఎడమ చెవి సమీక్షలు

మేజోళ్ళ కర్మాగారంలో కిటికీవైపు వరసలో ఇరవై నాలుగు యంత్రాలు. అన్నిటికీ పెద్దదిక్కు ఒక్కరే మనిషి. ఒక్కో యంత్రం కడుపులో నూట అరవై ఎనిమిది సూదులు గుండ్రంగా నిలబడి ఉంటాయి. అవి గిరగిరా తిరుగుతూ మూడు నిమిషాలకో మేజోడు అల్లి, గొట్టంలోంచి కింది బుట్టలోకి ఉమ్మేస్తాయి. సూది విరిగితే యంత్రం ఆగదు. అదే దాని దొంగబుద్ధి. తనకేమీ తెలియనట్టు అల్లుకుంటూనే పోతుంది, మేజోటి మీద మాత్రం పిక్క నుంచి మడమ దాకా ఒక గీత దిగుతుంది. సూది విరిగిన క్షణాన 'టిక్'మని చిన్న చప్పుడవుతుంది. దాన్ని పట్టుకోవడమే ఆయన ఉద్యోగం. పందొమ్మిదేళ్ళుగా ఆయన కుడి చెవి ఆ పనిమీదే ఉంది.

ఎడమ చెవి మాత్రం ఖాళీ. జీతం లేని చెవి. దానికి రెండేళ్ళ కిందట ప్రోగ్రెసివ్ రాక్ అనే పాశ్చాత్య సంగీతం పట్టుకుంది.

పట్టుకోవడానికి కారణం సంగీతం మీద ప్రేమ అనుకునేరు. కాదు, చేతికున్న నూనె. మామూలు పాటలు నాలుగు నిమిషాలకొకసారి అయిపోతాయి. నూనె చేతులతో ప్రతిసారీ ఫోను ముట్టుకోవడం ఆయనకు చిరాకు. ఉన్నవాటిలో అన్నిటికంటే పొడుగు పాట ఏదని వెతికితే ఇరవై మూడు నిమిషాలది ఒకటి తగిలింది. విన్నాడు. మధ్యలో తాళం ఏడు దెబ్బలకి మారింది, తర్వాత పదకొండుకి మారింది, తర్వాత ఎవరో పన్నెండు తీగల గిటారు మీద వాన కురిపించారు. ఆ పూట ఆయన యంత్రాల మధ్య నడుస్తుంటే కాళ్ళు నేలకి ఆనలేదు. తిన్నగా ఇంటికెళ్ళి, ఇలాంటివి వినేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని ఫోన్లో వెతికాడు. ఉన్నారు. పది మంది.

వాళ్ళు ఆన్‌లైన్‌లో పెట్టుకున్న సంఘం పేరు 'పొడుగు పాటల సంఘం'. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు కానీ, పొడుగు పాటలంటే అందరూ చెవి కోసుకుంటారు. స్థాపించింది రిటైరైన లెక్కల మాస్టారు. ఉద్యోగం వదిలినా ఆయనను బెత్తం వదల్లేదు కాబట్టి సంఘానికి సభ్యుల కంటే నియమాలే ఎక్కువ. ప్రతి శనివారం ఒకరు ఒక ఆల్బం ఎంచాలి. మిగతావాళ్ళు దాన్ని మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు విని, శుక్రవారం సాయంత్రం ఆరు లోపల సమీక్ష రాసి పదికి మార్కులు వేయాలి. వేసిన మార్కు దిద్దకూడదు. వరసగా ఆరు వారాలు సమీక్ష రాయకపోతే పేరు కొట్టేస్తారు. కొత్తవాళ్ళు రావాలంటే పాతవాళ్ళొకరు ప్రతిపాదించాలి, వచ్చినవాళ్ళకి ఆ వారం ఆల్బం ఎంచే హక్కు.

చేరిన నెలకే మన మేజోళ్ళాయన అక్కడ పెద్దమనిషైపోయాడు. ఆయన సమీక్షలు ఎవరివాటిలానూ ఉండేవి కావు. "ఈ పాటలో ఆరో నిమిషం నుంచి పదో నిమిషం దాకా డోలు తప్ప ఏమీ లేదు. ఇంత ధైర్యం ఎవరికుంటుంది" అని రాసేవాడు. మిగతావాళ్ళు తలలు గోక్కునేవాళ్ళు. ఆ నాలుగు నిమిషాలూ వాళ్ళకి గిటారు గుండెలు బాదుకుంటూ వినపడింది మరి. కానీ ఆ మాట పైకంటే తమకే చెవుల్లేవని బయటపడుతుందేమోనని ఎవరికి వారు ఊరుకున్నారు. "మనం ఉన్నది వింటాం, ఈయన లేనిది వింటాడు" అని మాస్టారు తీర్పు ఇచ్చేశాడు. సంఘంలో ఒక పళ్ళ డాక్టరుగారున్నారు. ఆయనైతే ఆ సమీక్షలను పళ్ళు పీకే గదిలో రోగులకు చదివి వినిపించేవారట. నోరు తెరుచుకుని ఉన్నవాళ్ళు ఎలాగూ ఎదురు చెప్పలేరు.

సంఘంలో ఆయనకు అందరికంటే దగ్గరైంది క్రేనమ్మాయి. ఓడరేవులో క్రేను నడుపుతుంది. నలభై మీటర్ల నిచ్చెన ఎక్కి, పైన అద్దాల పెట్టెలాంటి గదిలో కూర్చుని, ఓడల మీది పెట్టెల్ని కిందికి దించుతుంది. అయిదూ ముప్పావుకి నేల మీదికి దిగి, ఆయనకు ఫోన్లో మాటలు రికార్డు చేసి పంపేది. "అన్నయ్యా, ఈ వారం ఆల్బంలో పాడేవాడికి జలుబా, స్టైలా?" అని మొదలుపెట్టేది. ఆయన జవాబు పంపేవాడు. ఆమె ఇంకోటి పంపేది. చెల్లెళ్ళు లేని మనిషికి నలభై ఏడో ఏట చెల్లెలు దొరికింది. భోజనాల దగ్గర ఇంటావిడతో చెప్పే కబుర్లలో సగం ఆమెవే.

అలాంటి పిల్ల ఐదు వారాలుగా ఒక్క ముక్క మాట్లాడలేదు. తప్పు ఈయనదే.

ఆరు వారాల కిందట ఆల్బం ఎంచే వంతు ఆమెకి వచ్చింది. ఇన్నాళ్ళూ దాచుకున్నది బయటపెట్టింది. 'రెండు ఒడ్లు'. ఎవరూ ఎరగని ఐదుగురు కలిసి చేసిన ఒకే ఒక్క ఆల్బం. అందులో కథ ఇది: ఏటికి అటొకడు, ఇటొకడు, ఇద్దరు దీపస్తంభాల కాపలాదార్లు. ఎప్పుడూ కలుసుకోరు, నలభై ఒక్క నిమిషాలు మాట్లాడుకుంటారు. మాటలు తక్కువ, వాద్యాలే మాట్లాడతాయి. దానితోపాటు ఆమె నాలుగు వాక్యాలు రాసింది. పని నేర్చుకునే రోజుల్లో మధ్యాహ్నం విరామం ముప్పావుగంటట. దిగి ఎక్కడానికే సగం పోతుందని పైనే ఉండిపోయేదట. పొద్దుట ఎక్కితే సాయంత్రం దాకా మనిషి ముఖం కనపడని ఆ రోజుల్లో తనతో పాటు పైన ఉన్నది ఈ ఇద్దరేనట.

మేజోళ్ళాయన మూడుసార్లు కాదు, ఐదుసార్లు విన్నాడు. శుక్రవారం పొద్దున్నే అందరికంటే ముందు సమీక్ష పెట్టేశాడు. "గిటారు అడుగుతుంది, ఆగుతుంది. మళ్ళీ అడుగుతుంది, ఆగుతుంది. అవతలి ఒడ్డున ఎవరూ లేరు. నిశ్శబ్దం నాకిష్టమే కానీ ఇది నిశ్శబ్దం కాదు, గైర్హాజరు. వాయించాల్సినవాడు టీ తాగడానికి వెళ్ళి తిరిగి రాలేదు. పదికి మూడు." బాగా రాశానని కూడా అనుకున్నాడు. అంతటాయన మూడన్నాక మిగతావాళ్ళకి తొమ్మిది వేసే దమ్ము లేకపోయింది. అయిదులూ ఆరులూ పడ్డాయి. ఆ ఏడాది మొత్తానికి అట్టడుగున నిలిచింది 'రెండు ఒడ్లు'.

క్రేనమ్మాయి వాదించలేదు. "మీకు ఎవరూ వినపడలేదా అన్నయ్యా" అని ఒక్క మాట రాసింది. అంతే. మర్నాడు మొదలైన కొత్త ఆల్బంకి సమీక్ష రాయలేదు, తర్వాతి వారమూ రాయలేదు. ఈయన పంపినవాటికి జవాబు లేదు. అయిదు శుక్రవారాలు గడిచాయి. రాబోయేది ఆరోది. ఆ సాయంత్రం ఆరు దాటితే ఆమె పేరు ఉండదు.

"మార్కులు తక్కువేస్తే అలుగుతారా ఎవరైనా?" అన్నాడు ఇంటావిడతో. ఆవిడ చిన్నపిల్లల బడిలో టీచరు.

"మీరు మార్కులు తక్కువేశారని కాదు ఆ పిల్ల బాధ. పైన ఎనిమిది గంటలు తనతో మాట్లాడినవాళ్ళని పట్టుకుని లేరన్నారు."

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. అయితే మాత్రం, వినపడనిది వినపడిందని ఎలా రాస్తాడు? మొండిమనిషి. మళ్ళీ వినడం మొదలుపెట్టాడు. సోమవారం మూడుసార్లు, మంగళవారం నాలుగుసార్లు. గిటారు అడిగేది, ఆగేది. అవతల ఎవరూ లేరు.

బుధవారం మధ్యాహ్నం పదిహేడో యంత్రం పక్కన ఉండగా ఎడమ చెవిలోని ఇయర్‌ఫోను కరకరమని, గుటుక్కుమంది. రెండేళ్ళ చెమటా నూనే తాగి బతికింది, దాన్ననే పని లేదు. తీగకి రెండోవైపున్న కుడి ఇయర్‌ఫోను మాత్రం కొత్తపెళ్ళికూతురిలా ఉంది. తీగలు వేలాడితే యంత్రం లాగేస్తుందని సూపర్‌వైజరు హెచ్చరించడంతో, మొదటిరోజే దాన్ని చొక్కా జేబులో పెట్టి గుండీ పెట్టేశాడు. కుడి చెవి యంత్రాలది కదా, దానితో అవసరమేముంది? బడికెళ్ళే పిల్లాడిలా రోజూ జేబులోనే వెళ్ళి వచ్చేది. ఇప్పుడు గుండీ విప్పి, దాన్ని తీసి ఎడమ చెవిలో పెట్టుకున్నాడు.

ఆర్గన్.

వేరే ఆల్బం మొదలైందనుకున్నాడు. ఫోను చూశాడు. 'రెండు ఒడ్లు', పద్నాలుగో నిమిషం. పన్నెండుసార్లు పైగా విన్న పద్నాలుగో నిమిషం. ఇక్కడ గిటారు అడగాలి. గిటారు లేదు. అది ఆగే చోట, తనకు కంఠతా వచ్చిన ఆ ఖాళీలో, ఆర్గన్ నెమ్మదిగా లేచి జవాబు చెబుతోంది. తొందరపడకుండా, పెద్దవాళ్ళు చెప్పినట్టు. మళ్ళీ ఖాళీ. మళ్ళీ జవాబు.

ఆయన అక్కడే నిలబడిపోయాడు. ఎడమవైపుకి ఒకటి, కుడివైపుకి ఒకటి పెట్టి పాటలు చేస్తారన్న సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. మామూలు పాటల్లో ఆ తేడా అంతగా తెలిసేది కాదు. రెండు వైపులా అదే పాట వస్తుందని, రెండోది చెవి ఖాళీగా ఉండకుండా ఇచ్చారని అనుకున్నాడు. ఆరో నిమిషం నుంచి పదో నిమిషం దాకా డోలు తప్ప ఏమీ లేని పాట గుర్తొచ్చింది. తను పొగిడిన ధైర్యాలన్నీ గుర్తొచ్చాయి. ఆ మధ్యలో పదిహేడో యంత్రం 'టిక్'మన్నది కూడా వినలేదు. సూపర్‌వైజరు గీతలు పడ్డ మేజోళ్ళు తొమ్మిది పట్టుకొచ్చి ముఖం ముందు ఆడించాడు.

"చెవులు ఇంట్లో పెట్టి వచ్చావా?"

"ఒకటి జేబులో పెట్టానండి," అన్నాడు మేజోళ్ళాయన. "రెండేళ్ళుగా."

సాయంత్రం ఇంటికెళ్ళగానే ఇంటావిడ ఇయర్‌ఫోన్లు అడిగి తీసుకున్నాడు. బల్ల దగ్గర కూర్చుని, జీవితంలో మొదటిసారి రెండూ పెట్టుకున్నాడు. 'రెండు ఒడ్లు' మొదటి నుంచి పెట్టాడు. ఎడమ నుంచి గిటారు అడిగింది. కుడి నుంచి ఆర్గన్ చెప్పింది. ఆ మధ్యలో, సరిగ్గా తన నడినెత్తిన, ఏరు పారుతోంది. ముప్పయ్యో నిమిషం వచ్చేసరికి రెండూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టాయి, ఒకరి మాటకి ఒకరు అడ్డొచ్చి నవ్వుకుంటున్నట్టు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గు కొంత, సంతోషం చాలా.

కథంతా విని ఇంటావిడ కుర్చీ వెతుక్కుని కూర్చుని మరీ నవ్వింది.

"రోజంతా జతలు జతలుగా అల్లే మనిషి. ఒంటి మేజోడు వేసుకుని ఊరంతా తిరిగి, చలి ఒక కాలికే ఎందుకేస్తోందని సమీక్ష రాశారన్నమాట."

"నవ్వు. తొంభై ఏడు ఆల్బంలు సగం విని మార్కులేశాను. ఆ పిల్లకి ఒక్కదానికి చెప్పి క్షమించమంటాను. మిగతావాళ్ళకెందుకు?"

ఆవిడ నవ్వడం ఆపింది. "మూడు మార్కులు ఎక్కడ వేశారు?"

"సంఘంలో."

"అందరి ముందూ వేసి, చాటుగా దిద్దుతారా? మా ఒకటో తరగతి పిల్లలు కూడా ఊరుకోరు."

ఆయన గురువారమంతా తటపటాయించాడు. రెండేళ్ళ పరువు. కర్మాగారంలో ఆయన మాట వినేది ఇరవై నాలుగు యంత్రాలు మాత్రమే, అవీ అప్పుడప్పుడూ. పదిమంది చదువుకున్నవాళ్ళు తన మాట కోసం ఎదురుచూసే చోటు లోకంలో అదొక్కటే. దాన్ని చేతులారా పోగొట్టుకోవాలంటే ఎవరికైనా ప్రాణం ఒప్పుతుందా? అలాగని గుండీ పెట్టిన జేబు చూసుకున్నప్పుడల్లా ముఖం చెల్లడం లేదు.

శుక్రవారం నాలుగింటికి పని దిగి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, కర్మాగారం బయట సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు. అయిదింటికల్లా రాయడం పూర్తయింది.

"నేను మీలో ఎవరికంటే గొప్పగా వినలేదు. సగమే విన్నాను. రెండేళ్ళూ ఎడమ చెవితోనే విన్నాను, కుడివైపు వేరే వస్తుందని తెలియక దాన్ని జేబులో పెట్టి గుండీ పెట్టేశాను. మీరు నా దగ్గర మెచ్చుకున్న నిశ్శబ్దాలన్నీ నా జేబులో వాగుతూనే ఉన్నాయట. 'రెండు ఒడ్లు'లో అవతల ఎవరూ లేరన్నాను. ఉన్నాడు. అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాడు. నేను వినలేదు. చెల్లెమ్మా, తప్పైంది."

మొదట నోరు విప్పింది డాక్టరుగారు. "మీ మాట పట్టుకుని నేను నాకు వినపడిన ఆర్గన్‌ని వినపడనట్టు నటించాను. ముందు తొమ్మిది రాసుకున్నాను, మీది చూసి ఆరు వేశాను. నాకు రెండు చెవులూ ఉండి కూడా." ఆ వెనకే ఇంకొకరు, ఇంకొకరు. అందరూ తొమ్మిదులూ ఎనిమిదులూ దాచుకున్నవాళ్ళే.

అయిదున్నరకి మాస్టారు తీర్పు వచ్చింది.

"సగం విన్నది విన్నట్టు కాదు. కాబట్టి మీ తొంభై ఏడు సమీక్షలూ చెల్లవు. చెల్లనప్పుడు మీరు రాయనట్టే లెక్క. వరసగా ఆరు వారాలు రాయనివారి పేరు పోతుంది. అంటే రెండేళ్ళ కిందట, ఏడో వారంలోనే మీ పేరు పోయింది. నియమం నాది, నేనే వంచితే దానికి విలువుండదు. మీరు మా సభ్యులు కారు నాయనా. చాలా విచారంగా ఉంది."

మేజోళ్ళాయనకు నవ్వొచ్చింది. అంత దుఃఖంలోనూ లెక్క సరిగ్గా ఉందనిపించింది.

డాక్టరుగారు ఆగలేదు. "అయితే కొత్త సభ్యుడిగా నేను ప్రతిపాదిస్తాను."

"వద్దు డాక్టరుగారూ," అని రాశాడు ఈయన. "ఆరింటికి ఆమె పేరు పోతుంది. నా వల్ల పోతుంది. ఆమె లేని చోటికి నేను రాను."

అయిదూ నలభై. అయిదూ ముప్పావు. ఇప్పుడు నిచ్చెన దిగుతూ ఉంటుంది. చేతికి తొడుగులుంటాయి, ఫోను తీయదు. అయిదూ యాభై. కర్మాగారం గేటు దగ్గర రెండో షిఫ్టువాళ్ళు టీ తాగుతున్నారు. ఆయన ఫోను వంకే చూస్తున్నాడు. సంఘంలో అందరూ అదే గడియారం చూస్తున్నారని ఆయనకు తెలుసు.

అయిదూ యాభై నాలుగుకి ఆ వారం ఆల్బం మీద ఒక సమీక్ష పడింది. సంఘం పుట్టాక అంత పొట్టిది ఎవరూ రాయలేదు. "రెండు చెవులతో విన్నాను. పదికి ఏడు." కింద క్రేనమ్మాయి.

మాస్టారు వెంటనే "అందింది" అని రాశాడు. ఆ వేగం చూస్తే ఆయన కూడా వేలు మీట మీదే పెట్టుకుని కూర్చున్నట్టుంది.

ఆ తర్వాత ఆమెదే ఇంకొకటి. "కొత్త సభ్యుణ్ణి ప్రతిపాదిస్తున్నాను. వృత్తి, మేజోళ్ళు అల్లడం. అనుభవం, సగం. ఎడమ చెవి బాగా పనిచేస్తుంది. కుడిదానికి శిక్షణ నేనిస్తాను."

"ఆమోదించడమైనది," అన్నాడు మాస్టారు. "కొత్త సభ్యుడు ఈ వారం ఆల్బం ఎంచాలి."

మేజోళ్ళాయన 'రెండు ఒడ్లు' అని రాశాడు. ఒకసారి అయిపోయిన ఆల్బం మళ్ళీ పెట్టకూడదన్న నియమం ఒకటుంది. మాస్టారు దాన్ని ఎత్తుతాడేమోనని అందరూ చూశారు. మాస్టారు ఏమీ అనలేదు. ఆ సాయంత్రానికి ఆయన దగ్గర కూడా నియమాలు నిండుకున్నట్టున్నాయి.

అప్పుడు ఫోను మోగింది. రెండేళ్ళలో రికార్డు చేసిన మాటలే తప్ప, ఆమె నేరుగా ఫోను చేయడం అదే మొదటిసారి. ఎత్తితే మాటలు లేవు, నవ్వు. వెనకాల గాలి, ఓడ కూత.

"జేబులో గుండీ పెట్టారా అన్నయ్యా? రెండేళ్ళు?" అని అడగడానికే ఆమెకు మూడుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

"రెండేళ్ళు. నువ్వు కోపంగా ఉన్నావా ఇంకా?"

"ఉన్నాను. ఐదు వారాలు ఏడిపించారు. పైన కూర్చుంటే నాకే అనుమానమొచ్చింది, ఆ రెండోవాణ్ణి నేనే ఊహించుకున్నానేమోనని. వినడం కూడా మానేశాను. ఇవాళ కింద నిలబడి మీరు రాసింది మూడుసార్లు చదువుకున్నాను. నియమం ప్రకారం."

"చెల్లెమ్మా, ఇంకో సంగతి చెప్పనా? ఇంకా తొంభై ఆరు ఆల్బంలున్నాయి నాకు. అన్నీ విన్నవే, అన్నిటిలో సగం కొత్తది. నా అంత అదృష్టవంతుడు ఈ సంఘంలో ఉన్నాడా?"

"లేడు," అంది. "నాకు అసూయగా ఉంది."

మర్నాడు శనివారం ఇద్దరికీ సెలవు. కొత్త సభ్యుడి మొదటి ఆల్బం ప్రతిపాదించినవారితో కలిసి వినాలని మాస్టారు పొద్దున్నే ఒక కొత్త నియమం పుట్టించాడు. పదింటికి మేజోళ్ళాయన బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇంటావిడ ఫోను స్పీకర్లో పెట్టి ముందు నిలబెట్టాడు, అందులో క్రేనమ్మాయి. తన ఫోనులో ఆల్బం, రెండు చెవుల్లో రెండు. ఇంటావిడ తలుపు మూసి, తనూ లోపలే కూర్చుంది. తనకేమీ వినపడకపోయినా ఆయన ముఖం చూడాలట.

ఒకటి, రెండు, మూడు అనుకుని ఇద్దరూ ఒకేసారి నొక్కారు. ఎడమవైపు గిటారు అడిగింది. ఆగింది. మేజోళ్ళాయన కుర్చీలో ముందుకి జరిగాడు. ఆగలేకపోయాడు.

"అదిగో చెల్లెమ్మా, ఇప్పుడు వస్తాడు చూడు, అవతల నుంచి..."

"మీరు మాట్లాడకండి అన్నయ్యా," అంది ఫోనులోంచి. "వాళ్ళని మాట్లాడనివ్వండి."